కాలనీలో పేక నిషిద్ధం

ప్రతి ఇంట్లోనూ భోజనాల బల్ల మీద ఒక మగ్గం ఉండి తీరాలి. భోజనం ఎక్కడ చెయ్యాలన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు!

నవ్వకండి. ఇంటికో ట్రెడ్‌మిల్ ఉండాలంటే నవ్వామా? బుద్ధిగా కొనుక్కుని దాని మీద లుంగీలు ఆరేసుకుంటున్నాం కదా! ఇంటికో ఎయిర్ ఫ్రైయర్ అంటే నవ్వామా? మగ్గం అనేసరికి ఈ ముసిముసి నవ్వులెందుకు? మగ్గం వల్ల ఆరోగ్యం, మనశ్శాంతి, దాంపత్య సౌఖ్యం, ఇరుగుపొరుగు సఖ్యత, ఆఖరికి పోలీసు శాఖతో పరిచయం కూడా కలుగుతాయని ఈ కాలమ్ సాక్ష్యాధారాలతో నిరూపించబోతోంది.

మొదటి సాక్షి నాగకుమారి గారు. వర్ని దగ్గర కాలవ కింద పొలాలున్న కుటుంబం. తాతగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. భర్త రాజేంద్రప్రసాద్ గారు బోధన్ వైపు చెరకు తూకాలు చూసి చూసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది, షుగరు మాత్రం ఒంట్లో మిగిలింది. ఇద్దరూ ఇప్పుడు నిజామాబాద్‌లో, చుట్టూ గోడా ముందు గేటూ ఉన్న ఒక కాలనీలో, పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంటున్నారు.

పోయిన వేసవిలో నాగకుమారి గారికి మణికట్లు నొప్పి పుట్టాయి. ఫిజియోథెరపీ చేసే దీవెన గారు చూసి, "ఫోను పక్కన పెట్టి చేతులకు వేరే పనేదైనా చెప్పండి ఆంటీ" అన్నారు. ఆ మాట ఫోను కూడా విన్నట్టుంది. సాయంత్రానికల్లా స్క్రీను నిండా మగ్గాలే! నాలుగో రోజున కొరియర్ వచ్చింది.

ఇది మీరనుకునే పెద్ద మగ్గం కాదు. గుంట తవ్వక్కర్లేదు, కాళ్ళతో తొక్కక్కర్లేదు. ఒక చెక్క చట్రం. బల్ల అంచుకు స్క్రూలతో బిగించుకోవాలి. మధ్యలో దువ్వెన లాంటి గట్టి పలక ఉంటుంది. దాని పళ్ళ సందులో ఒక పోగు, పంటికున్న రంధ్రంలో ఒక పోగు ఎక్కించాలి. పలకను పైకెత్తితే సగం పోగులు పైకి, దించితే అవే కిందికి. ఆ మధ్యలో ఏర్పడే సందులోంచి అడ్డంగా దారం పంపాలి. అంతే! పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఎవరో తెల్లదొరసాని నవ్వుతూ, ఒక్క పూటలో తువ్వాలు నేసేయొచ్చని హామీ ఇచ్చింది.

ఇక లాభాలు చూడండి.

మొదటిది ప్రశాంతత. నూట ఇరవై పోగులు లెక్కపెట్టి ఎక్కించాలి. మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. రెండోసారి ఒకటికి వచ్చినప్పుడు నాగకుమారి గారు భర్త వైపు ఒక చూపు చూశారు. అప్పట్నుంచి ఆయన కాఫీ తనే కలుపుకుంటున్నారు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు తెలియడం ఇదే మొదలు. తెలిసినా లాభం లేదు, వేసుకోకూడదు.

రెండోది వ్యాయామం. పోగులన్నీ ఒకే పొడవు రావాలంటే బల్ల దగ్గర్నుంచి బెడ్‌రూం తలుపు గొళ్ళెం దాకా దారం సాగదియ్యాలి. ఆ రెండు రోజులూ రాజేంద్రప్రసాద్ గారు బాత్రూంకి వంగి వెళ్ళారు, వంగి వచ్చారు. యోగా మాస్టారు ఆరు నెలల్లో వంచలేని నడుము అది!

మొదటి గుడ్డ తయారైంది. ఒక చివర తువ్వాలు, రెండో చివర లంగా నాడా. అంగుళం అంగుళానికీ దగ్గరికి ముడుచుకుపోతూ వచ్చింది. "టై లాగా బాగానే ఉందోయ్, కట్టుకోనా?" అన్నారు రాజేంద్రప్రసాద్ గారు సరదాగా. ఆ రోజు రాత్రి వంట కూడా ఆయనే చేసుకున్నారు.

రెండో గుడ్డలో నడుమ పోగులు వదులై జాలీలా వచ్చింది. నాగకుమారి గారు దాన్ని ఉతికి, వెనక బాల్కనీలో ఆరేసి, లోపలికొచ్చి కాసేపు ఏడ్చారు. హాస్యానికి అనడం లేదు, నిజంగానే ఏడ్చారు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరూ అడక్కుండా, ఎవరికీ వడ్డించనక్కర్లేకుండా, తనకు తానుగా మొదలుపెట్టిన పని అదొక్కటే. అంచులు తిన్నగా ఉన్న గుడ్డ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నెయ్యాలన్నది ఆవిడ పట్టుదల.

గాలికి ఆ గుడ్డ ఎగిరి గోడ అవతల పడింది.

గోడ అవతల ఒక గల్లీ. అక్కడ అరుగుల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చేస్తారు. ఆ గల్లీలో ఉండే శంకరమ్మ గుడ్డ పట్టుకుని గోడ చుట్టూ తిరిగి, గేటులోంచి వచ్చి పద్నాలుగో నంబరు తలుపు కొట్టింది. గుడ్డ ఇచ్చి వెళ్ళిపోకుండా దాని అంచును బొటనవేలితో తడిమి చూసింది.

"మసిగుడ్డ అనుకున్న అమ్మా. కని ఎవరో చేత్తోని నేసిండ్రు. ఎవలు నేసిండ్రు?"

"నేనే" అన్నారు నాగకుమారి గారు తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"పేక గుంజుతున్నవమ్మా. గందుకే దగ్గరికొస్తున్నది. పేకను గుంజద్దు. వాలుగ పడుకోబెట్టి, మెల్లగ దగ్గరికి కొట్టాలె."

శంకరమ్మ నేతవాళ్ళ ఇంట్లో పుట్టింది. నిలువు పోగుల్ని పడుగంటారనీ, అడ్డంగా వేసే దారాన్ని పేకంటారనీ తనకు మాటలు వచ్చినప్పుడే తెలుసు. ఇరవయ్యేళ్ళప్పుడు ఇంట్లో మగ్గం ఆగిపోయింది. తర్వాత నలభై ఏళ్ళుగా బీడీలే. అయినా ఆ చిన్న చట్రం ముందు కూచుని తెగిన పోగును ముడేసిందంటే, ముడి పడిందో లేదో కూడా కనపడలేదు. బీడీకి దారం చుట్టే వేళ్ళు కదా! నాగకుమారి గారు వీడియో పెట్టి చూసినా అందనంత వేగం అది.

అలా ప్రతి మంగళవారం రెండింటికి శంకరమ్మ రావడం మొదలైంది. తన బీడీల చాట కూడా తెచ్చుకునేది. చేతులు ఆకు చుడుతుంటే కళ్ళు మగ్గం మీద ఉండేవి. నూలుకు గంజి పెట్టాలని చెప్పింది. దాంతో ఆ ఇంట్లో కుక్కరు మూలకెళ్ళి, అన్నం వార్చడం మొదలైంది. గంజి నూలుకు, మెతుకులు మొగుడికి! మూడు వారాల్లో రాజేంద్రప్రసాద్ గారి షుగరు దిగింది. మగ్గం వద్దనేవాళ్ళు దీనికేం జవాబు చెబుతారు?

మూడో పడుగు సిద్ధమైంది. ఈసారి ఒక్క పోగు కూడా వదులుగా లేదు. ఇక పేక వెయ్యడమే తరువాయి. అది శంకరమ్మ పక్కన కూచుంటేనే అవుతుందని నాగకుమారి గారికి తెలుసు.

ఇక్కడ ఆ కాలనీ చరిత్ర కొంచెం చెప్పాలి. ఒకప్పుడు కమ్యూనిటీ హాల్లో రోజూ నాలుగింటికి పెద్దమనుషుల రమ్మీ సాగేది. గిరిబాబు గారు సంక్షేమ సంఘం అధ్యక్షులయ్యాక దాన్ని మాన్పించి, గేటు పక్కన ఎర్రరంగుతో బోర్డు రాయించారు. 'ఈ ఆవరణలో పేకాట నిషిద్ధం' అని రాయమంటే, పెయింటరు 'ఆవరణలో' దగ్గర అక్షరాలు మరీ లావుగా వేసేసరికి చివర్లో చోటు చాల్లేదు. 'ఈ ఆవరణలో పేక నిషిద్ధం' అని ముగించాడు. చదివిన వాళ్ళందరికీ అర్థమైపోయింది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం సాయంత్రం నాగకుమారి గారు తన స్నేహితురాలు విజయశ్రీ గారికి వాయిస్ మెసేజ్ పెట్టారు. కాకపోతే ఆవిడకు వెళ్ళాల్సింది కాలనీ సంక్షేమ సంఘం గ్రూపులోకి వెళ్ళింది.

"విజయా, అంతా సిద్ధం చేశాను. రేపు రెండింటికి మా ఇంట్లో పేక మొదలు. శంకరమ్మ వస్తానంది, చెయ్యి తిరిగిన మనిషి! బెల్లు కొట్టకు, మా ఆయన పడుకుంటారు. తలుపు దగ్గరగా వేసి ఉంచుతాను."

డెబ్భై రెండు ఇళ్ళవాళ్ళు విన్నారు. ఒక్కరు కూడా జవాబు పెట్టలేదు. అంతటి క్రమశిక్షణ ఆ గ్రూపులో అంతకు ముందెప్పుడూ కనిపించలేదు.

మంగళవారం రెండింటికి తలుపు మెల్లగా తెరుచుకుంది. విజయశ్రీ గారు రాలేదు. ముగ్గురు రిటైర్డ్ పెద్దమనుషులు చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లుల్లా లోపలికి వచ్చారు. ఒకాయన ఫ్లాస్కు తెచ్చుకున్నారు. నాగకుమారి గారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు తన నేత చూడ్డానికి మనుషులొచ్చారు!

"ముక్కలేవమ్మా?" అన్నారు ఫ్లాస్కు పెద్దాయన గుసగుసగా.

"ముక్కలు ఇప్పుడే కాదండీ. ముందు మొత్తం నేశాక, అప్పుడు కోస్తాం."

"ఎవరు కోస్తారు?"

"శంకరమ్మే. ఆవిడ కోస్తే తిన్నగా వస్తుంది."

ముగ్గురూ శంకరమ్మ వైపు భయభక్తులతో చూశారు. బీడీల చాటతో సహా కూచున్న ఆటగత్తెను వాళ్ళు జన్మలో చూడలేదు. ఒకాయన మర్యాదగా అడిగారు, "ఎన్ని చేతులమ్మా ఆట?"

"రెండు చేతులు సాలు బాపు. పేకకు రెండు చేతులె" అంది శంకరమ్మ.

సరిగ్గా అప్పుడే ఏఎస్సై ఆశన్న గారు ఇద్దరు కానిస్టేబుళ్ళతో లోపలికొచ్చారు. వెనకాల బాధ్యత గల పౌరుడు గిరిబాబు గారు.

"ఎవ్వలు కదలద్దు! పేక ఎక్కడుంది?"

నాగకుమారి గారు బల్ల మీదకు చెయ్యి చూపించారు. ఒక కానిస్టేబులు బల్ల కింద చూశాడు. రెండో అతను ముక్కలు దాచారేమోనని మగ్గాన్నే పైకెత్తి, తలకిందులు చేసి దులిపాడు. పట్టు తప్పి పడుగు జారింది. టపటపమని పోగులు తెగాయి.

"పట్టుకోకు బిడ్డా! తెగుతయి!" అని శంకరమ్మ అరిచింది. పోలీసును అలా అరవొచ్చా లేదా అని ఆలోచించలేదు. మగ్గాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. దారం చుట్టిన చెక్కను ఆశన్న గారికి చూపించింది.

"గిదే సార్ పేక. నిలువు ఉన్నది పడుగు. గీ అడ్డం ఏసేది పేక. మీరు దేవులాడుతున్నవి పత్తాలు."

ఆశన్న గారు టోపీ తీశారు. "అవు. మా దిక్కు గూడ పత్తాలే అంటం" అన్నారు నెమ్మదిగా. "స్టేషన్ కాయితాల మీదనే పేకాట అని రాస్తం."

తర్వాత గిరిబాబు గారి వైపు తిరిగారు. "ఏంది సార్, బట్ట నేసుకుంటుంటె రైడ్ చేపించినవ్?"

ఫ్లాస్కు పెద్దాయన జేబులోంచి ఆ క్షణాన నిజం పేకముక్కలు జారి కింద పడ్డాయి. అది అందరూ చూడనట్టు నటించారు. ఇరుగుపొరుగు సఖ్యత అన్నాను కదా, అది ఇదే.

పందొమ్మిది పోగులు తెగాయి. శంకరమ్మ వచ్చే మంగళవారం అన్నీ ముడేస్తానని చెప్పి వెళ్ళింది.

గిరిబాబు గారు ఊరుకునే మనిషి కారు. తన పరువు సంగతి చూసుకోవాలి కదా! 'భద్రతా కారణాల దృష్ట్యా' గేటు దగ్గర రిజిస్టరు పెట్టించారు. పేరు, ఎవరింటికి, వచ్చిన పని. బయటివాళ్ళు ఎవరొచ్చినా వాచ్‌మన్ హనోకు అందులో రాయాలి.

మంగళవారం రెండయింది. మూడయింది. శంకరమ్మ రాలేదు. ఆ తర్వాతి మంగళవారమూ రాలేదు. తెగిన పోగులు బల్ల అంచు నుంచి వేలాడుతూనే ఉన్నాయి. నాగకుమారి గారు మూడుసార్లు ముడెయ్యబోయి మూడుసార్లూ వదిలేశారు. మగ్గం విప్పి అట్టపెట్టెలో పెట్టేద్దామని స్క్రూ కూడా తిప్పారు. రాజేంద్రప్రసాద్ గారే ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"పోలీసులంటే భయపడి ఉంటుంది. వెళ్ళి పిలువు" అన్నారాయన.

నాగకుమారి గారు ఆ కాలనీకి వచ్చి తొమ్మిదేళ్ళు. వెనక బాల్కనీలోంచి రోజూ కనిపించే ఆ గల్లీలోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. శంకరమ్మ అరుగు మీద కూచుని ఆకు కత్తిరిస్తోంది.

"పోలీసోళ్ళకు నేనెందుకు భయపడత అమ్మా? ఆడే ఉన్న గద, పారిపోయిన్నా?" అంది తలెత్తకుండా. "ముడేస్తనన్న మంగళవారమే వచ్చిన. గేటు దాక వచ్చిన. గా హనోకు నా పేరు రాసి, వచ్చిన పని కాడ పనిమనిషి అని రాసిండు. నాకు సదువొస్తది. నేను బోళ్ళు తోమనీకి రాలే. నేర్పనీకొచ్చిన."

నాగకుమారి గారు అరుగు అంచున కూచున్నారు.

"తోమితె తప్పు కాదు. మా చెల్లె తోముతది. కని నేను చెయ్యని పని నా పేరు ముంగట ఎందుకు రాయాలె?" కత్తెర కింద పెట్టింది శంకరమ్మ. "కడుపు కోసం నేసినన్ని దినాలు మా ఇంట్లకు ఎవ్వలు తొంగి సూడలే. మగ్గం పొయ్యిల కట్టెలైంది. ఇప్పుడు మీరు ఊరికె నేస్తుంటె సూడనీకి నలుగురొస్తుండ్రు. మంచిదే, రానియ్యుండ్రి. నాకేం పేరు పెడుతుండ్రో గది జర నేను సూసుకోవాలె గద."

ఆ మధ్యాహ్నం, చాటతో సహా శంకరమ్మను వెంటబెట్టుకుని వచ్చిన నాగకుమారి గారి గొంతు గేటు దగ్గర కాలనీ అంతా విన్నది. ఈసారి వాయిస్ మెసేజ్ కాదు.

"ఆ గల్లీల నుంచి వచ్చే ఆడోళ్ళందరికి గట్లనే రాయమన్నరమ్మా" అన్నాడు హనోకు, ఆ గొంతు విని వచ్చిన గిరిబాబు గారి వైపు చూసీ చూడనట్టు చూస్తూ.

"ఏదో ఒకటి రాయాలి కదండీ నాగకుమారి గారూ. చిన్న విషయం" అన్నారు గిరిబాబు గారు.

"అయితే వచ్చిన పని ఏదో అదే రాయండి. పేక."

"పేకా!" గిరిబాబు గారు గుండె పట్టుకున్నారు. "ఆ బోర్డు చూశారా మీరు?"

"చూశాను. ఆ బోర్డు తప్పు."

శంకరమ్మ హనోకు చేతిలోంచి పెన్ను తీసుకుంది. పనిమనిషి అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన కుదురుగా 'పేక' అని రాసింది. తర్వాత చాట ఎత్తుకుని పద్నాలుగో నంబరు వైపు నడిచింది.

అధ్యక్షుల వారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిషిద్ధమైన పని సంఘం రిజిస్టరులోనే నమోదైతే రేపు ఎవరు జవాబు చెప్పాలి? మర్నాడు పెయింటరొచ్చాడు. పేకకూ నిషిద్ధానికీ మధ్య చోటు లేక, పైన చిన్న అక్షరాలతో 'ఆట' అని ఇరికించి, కింద బాణం గుర్తు వేశాడు. ఫ్లాస్కు పెద్దాయన మాత్రం చాలా నొచ్చుకున్నారు. పెయింటరు రాకముందే ఆయన, కాలనీలోనే ఉంటున్నా, రమ్మీ ఆశతో రిజిస్టరులో 'పేక' అని రాసి సంతకం చేసి ఉన్నారట!

మూడో గుడ్డ పూర్తయింది. ఒక అంచు తిన్నగా వచ్చింది. రెండో అంచు దాదాపు తిన్నగా వచ్చింది. నాగకుమారి గారు దాన్ని శంకరమ్మ బీడీల చాట మీద కప్పి ఇచ్చేశారు.

కాబట్టి ఇంటింటికీ మగ్గం ఉండాలన్న వాదన రుజువైనట్టే. పెట్టెలో తెల్లదొరసాని బొమ్మ ఉంటే ఉండనివ్వండి. తెరిచాక గోడ అవతల ఎవరున్నారో ఒకసారి చూస్తే చాలు.

ఇంతకీ మీరు గమనించారా? ఇంతసేపూ ఈ కాలమ్ నాగకుమారి గారన్నది, రాజేంద్రప్రసాద్ గారన్నది. పొరపాటున పోలీసులకు ఫోను చేసిన గిరిబాబు గారికీ, జేబులో పత్తాలు పెట్టుకున్న పెద్దమనిషికీ బహువచనం తగ్గనివ్వలేదు. హనోకును మాత్రం 'అన్నాడు' అని, శంకరమ్మను 'వచ్చింది, పోయింది' అని రాసుకుంటూ పోయింది. మీలో ఎవరికీ ఎక్కడా అడ్డు తగల్లేదు కదూ? రాసిన చేతికీ తగల్లేదు. ఆ గేటు దగ్గర రిజిస్టరు ఒక్క హనోకు చేతిలోనే లేదన్నమాట.

సవరణ వెంటనే అమల్లోకి వస్తోంది. ప్రతి మంగళవారం రెండింటికి శంకరమ్మ గారు వస్తారు. వచ్చిన పని, పేక.